పదమూడో సంతకం

పొరపాటట! విన్నారా కృపాదానం గారూ, నేను చేసింది పొరపాటట! "అనుకోకుండా దొర్లిన పొరపాటు" అని ఇంగ్లీషులో చక్కగా అచ్చు కొట్టించి, కింద ఓ గీత గీసి ఉంచిందట మా చరిత్ర సంఘం నడిపే ఆ గ్లెనిస్ గారు. పదింటికి వచ్చి గీత మీద సంతకం పెట్టండి మిస్టర్ సెషాయా, పెడితే మాతోనే ఉంటారు, పెట్టకపోతే ఇన్నాళ్ళ మీ సేవలకు కృతజ్ఞతలు, అని ఈమెయిలు. శేషయ్య అని నోరు తిరగదు గానీ, నేను ఏం అనుకుని చేశానో, ఏం అనుకోకుండా చేశానో ఆవిడకి తెలిసిపోయింది!

ఇంజను ఆపెయ్యండి. ఇంకా అరగంట ఉంది. ఏంటీ, ఇక్కడ పార్కింగు పదిహేను నిమిషాలేనా? ఉండనివ్వండి సార్. చలానా రాస్తే రాస్తాడు. మీ సర్వీసులో మీరు రాయలేదా ఏంటి, ఎంతమందికి!

అసలు మిమ్మల్ని పొద్దున్నే హెండర్సన్ నుంచి ఎందుకు రప్పించానంటే... డ్రైవింగ్ కోసం కాదు. మౌంట్ రాస్కిల్ నుంచి శాండ్రింగ్‌హామ్ ఎంత దూరం, బస్సెక్కి రెండు జంతికలు నమిలేలోపు దిగిపోతాను. మీరు ముప్పై ఆరేళ్ళు పోలీసు స్టేషన్లో రైటరు. చావు కాగితం అంటే ఏంటో ఈ ఆక్లండ్ మొత్తమ్మీద మీకు తెలిసినట్టు ఇంకో తెలుగువాడికి తెలీదు. మా హేమశ్రీకి చెప్పి చూశాను. "నాన్నా, కంట్లో శుక్లం ఉంది, సరిగ్గా కనపడలేదని చెప్పి సైన్ చేసెయ్, సింపుల్" అంది. కూతురు కదా, తండ్రిని గట్టెక్కించాలని చూస్తుంది. గట్టెక్కించేవాళ్ళు కాదండీ నాక్కావలసింది.

ఉండండి, మొదట్నుంచీ చెప్తాను. తొందరపెట్టకండి, తొందరపెడితే నేను ఇంకా పక్కదారులు పడతాను, మా ఆవిడ బతికున్న రోజుల్లో అదే అనేది.

ఆ కూరగాయల కొట్టు పక్కన తెల్లరంగు చెక్క ఇల్లు కనపడుతోందా? అదే మా చరిత్ర సంఘం. నేను స్కూల్లో సోషల్ చెప్పుకుని రిటైరై ఇక్కడికొచ్చినవాణ్ణి. ఖాళీగా ఉంటే పిచ్చెక్కిపోతుందని ఓ రోజు లోపలికి తొంగిచూశాను. సౌత్ ఐలండ్‌లో, కింద ఆ చలిప్రాంతంలో, ఓ పాత కౌంటీ తాలూకు కాగితాలు పెట్టెలకొద్దీ దొరికాయట. ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టారు. చూసి టైపు చేసేవాళ్ళు కావాలి, జీతం లేదు, టీ బిస్కెట్లు ఇస్తాం అన్నారు.

ఏం కాగితాలో తెలుసా? చావులండీ! ఒట్టి చావులు! నూటయాభై ఏళ్ళనాడు ఆ కౌంటీలో గొర్రెలు, గోధుమచేలు, వాగులు, మందు హోటళ్ళు తప్ప ఏమీ లేవు. ఎవరైనా అనుమానంగా పోతే, కరోనరు అనే ఆయన గుర్రమెక్కి వచ్చేవాడు. చుట్టుపక్కల పన్నెండుమందిని పోగేసి జూరీ అనేవాడు. వాళ్ళకి శవాన్ని చూపించి, సాక్షుల్ని పిలిచి, ఎలా పోయాడో తేల్చి, సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయేవాడు. మన శవ పంచనామా లేదూ? దానికే కోటూ టోపీ తొడగండి, అంతే!

ఆ రాత ఇక్కడివాళ్ళకి చదవడం రాదు. కుర్రవాళ్ళకి అసలే రాదు, కలిపిరాత చూస్తే చీమలబారు అంటారు. నాకా! మిషన్ స్కూల్లో నాలుగు గీతల కాపీ పుస్తకం మీద వేళ్ళు వాచేలా రాసినవాణ్ణి. మొదటి రోజే మూడు చావులు టైపు చేసి అవతల పడేశాను. గ్లెనిస్ గారు మిగతావాళ్ళందర్నీ పిలిచి చూపించింది. ఇప్పటికి ఎన్నో చెప్పనా? నాలుగువందల పన్నెండు! ఇంత ఆనందం నాకు పెళ్ళిలో కూడా లేదండీ, ఒట్టు.

నవ్వుతారా? నవ్వండి, నేనూ నవ్వాను. శవాన్ని ఎక్కడ ఉంచేవాళ్ళనుకుంటున్నారు? హోటలు వెనక గదిలో, బీరు పీపాల పక్కన. చల్లగా ఉంటుందిగా! విచారణ ఎక్కడ? ముందు గదిలో, బల్లల మీద. జూరీ పెద్దమనుషులు ఓసారి వెనక్కి వెళ్ళి శవాన్ని చూసొస్తారు. గొంతు తడారిపోతుంది. ఓ గుక్క వేస్తారు. మళ్ళీ అనుమానం వస్తుంది, మళ్ళీ చూసొస్తారు, మళ్ళీ గుక్క. ఒక కాగితంలో మొదటి సంతకం నిటారుగా ఉంటే పన్నెండోది కాగితం దాటి బల్ల మీదకి పోయిందండీ!

ఒకణ్ణి గుర్రం తన్ని చంపింది. జూరీలో ఒకాయన, గుర్రాన్ని కూడా చూడాలి అన్నాడు. తెచ్చారు. హోటలు గుమ్మంలో నిలబెట్టారు. కరోనరు రాశాడు చూడండీ, నా మాటల్లో చెప్తాను, "గుర్రము శాంతముగానే కనిపించెను" అని! ఇంకోణ్ణి ఎద్దు పొడిచింది. ఆ ఎద్దు ఎవరిది? జూరీ పెద్దదే. తీర్పేంటి? మృతుడు ఎర్ర చొక్కా తొడుక్కొనుట అవివేకము! ఎద్దుని మాటైనా అనలేదు. ఇంటికొచ్చి తలుచుకుని నవ్వుతుంటే మా హేమశ్రీ లాండ్రీ బుట్ట పట్టుకుని వచ్చి, "చచ్చిపోయినవాళ్ళ గురించి చదివి ఆ నవ్వేంటి నాన్నా, పక్కింటివాళ్ళు వింటారు" అంది. చెప్పాను కదా, పట్టలేకపోయాను.

అవును, విషయానికొస్తున్నాను. హానా.

ఆ కౌంటీలోనే ఓ దొరగారి గొర్రెల దొడ్లో వంటమనిషి. పాతికేళ్ళు. ఓ ఉదయం వాగులో బోర్లాపడి ఉంది. కానిస్టేబులు మీలాంటి బుద్ధిమంతుడు, కర్ర ముంచి కొలిచాడు. నీళ్ళు తొమ్మిది అంగుళాలు. జానెడు కదండీ! చీపురుకట్ట కూడా మునగదు. డాక్టరు ఏమన్నాడు? తల వెనక పగిలింది, మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి అన్నాడు. పాలు పోసే ఆవిడ ఏమంది? ముందు రోజు సాయంత్రం దొరగారు ఆ పిల్లని జుట్టు పట్టి ఈడ్చడం చూశాను అంది. అన్నీ రాశారు, శుభ్రంగా రాశారు. చివర తీర్పు: "నీట మునిగి మరణించినట్లు కనుగొనబడెను. ఎట్లు మునిగెనో చెప్పుటకు ఆధారము చాలదు."

జూరీ పెద్ద ఎవరనుకున్నారు? దొరగారి బావమరిది! అబ్బ, మన ఊరేనా ఏంటి ఇది అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఏం చేశానా? అదే చెప్తున్నాను. తీర్పు గడిలో "హత్య" అని కొట్టాను. పెద్ద అక్షరాల్లో. దాని కింద జూరీ పేర్లు వరసగా టైపు చేయాలి. అయిదుగురు సంతకాలు పెట్టారు, ఏడుగురు ఇంటూ మార్కులు పెట్టారు. పన్నెండూ కొట్టాను. కొట్టి, పదమూడు అని అంకె వేసి, నా పేరు కొట్టాను. శేషయ్య, కామా, బి.ఏ.

అయ్యో, ఏమిటండీ ఆ చూపు!

అవునండీ, నా పేరే. కొట్టి సేవ్ నొక్కి, చేతులు రుద్దుకుని, ఇంటికెళ్ళి ఇంత నెయ్యి వేసుకుని పప్పన్నం తిన్నాను. మూడు వారాలు ఎవడూ చూడలేదు. ఆ తరవాత ఆ దొరగారి మునిమనవరాలు, పాపం తన వంశవృక్షం చూసుకుందామని తెరిచిందట. ముత్తాత హంతకుడని ఉంది! పదమూడో జూరరు తెలుగువాడని ఉంది! గ్లెనిస్‌కి ఫోను చేసి, ఈ సెషాయా గారు ఆ కాలంలో గొర్రెలు కాసేవాడా అని అడిగిందట.

నవ్వొచ్చేసింది కదూ? ఆపుకోకండి, దగ్గొస్తుంది.

ఏమన్నారు? రికార్డు దిద్దకూడదా? అబ్బో, ఎవరు చెప్తున్నారండీ! మొన్న మీ మనవరాలు జెన్సీ పుట్టినరోజుకి బిర్యానీ తింటూ ఎవరు చెప్పారు, పంచనామాకి సంతకాలు ముందు, శవం తర్వాత అని? తెల్లకాగితాల మీద సాక్షుల వేలిముద్రలు ఓ పాతిక ముందే తీసుకుని బీరువాలో పెట్టుకునేవాళ్ళమని? మీరు కాదా? మీ ఎస్సైయా? సరే, ఎస్సైయే. బీరువా తాళం ఎవరి దగ్గరుండేదో అడగను.

కోపం వద్దు. నేను మిమ్మల్ని అనడానికి రాలేదు. మీరు చెప్పింది ఒప్పే. కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి, అబద్ధమైనా అబద్ధాన్ని తప్పులేకుండా ఎత్తి రాయాలి. గ్లెనిస్ కూడా అదే అంటుంది. ఆవిడ గొప్పావిడండీ. మునిమనవరాలు గోల చేసినా, మా సెషాయా కావాలని చేసే మనిషి కాదు, కళ్ళు సరిగా లేవు పాపం అని వాదించి, కమిటీని ఒప్పించి, ఆ కాగితం తయారు చేయించింది. పొరపాటు అని ఒప్పుకుంటే చాలు, కుర్చీ నాదే. ఇంకా రెండు పెట్టెలున్నాయి. ఆరొందల చావులు! నేను చదవనివి!

ఆ కుర్చీ పోతే నాకేముంది? సోమవారం, బుధవారం, శుక్రవారం. ఆ మూడు రోజులే నాకు వారం. మిగతావి పాలప్యాకెట్టు కోసం డెయిరీకి వెళ్ళొచ్చే రోజులు. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టంలేదండీ, గట్టిగా ఇష్టంలేదు.

అయితే సంతకం పెట్టేసి రమ్మంటారా? లేక, నిజం చెప్పేసి రా, చేసింది మంచిపనే కదా, ఆ పిల్ల తరఫున ఇన్నేళ్ళకి ఒక్కడైనా మాట్లాడాడు అంటారా?

మంచిపని. అక్కడే ఉందండీ పేచీ. రాత్రంతా మేలుకుని ఆలోచించింది కాదు, నేను బాగానే నిద్రపోయాను, పొద్దున మొహం కడుక్కుంటుంటే తట్టింది. హత్య అని కొట్టాను, సరే, అది హానా కోసం. దాని కింద నా పేరెందుకు? హానాకి నా పేరుతో ఏం పని? సరే, పేరు. పేరు పక్కన బి.ఏ. ఎందుకండీ?

మీతో ఓ మాట చెప్పాలి. మా ఆవిడకి కూడా చెప్పలేదు. అద్దం కొంచెం దించండి, ఉక్కగా ఉంది.

డెబ్బై ఎనిమిది, ఫిబ్రవరి. నాకు ఇరవై రెండు. బి.ఏ. చేతికొచ్చి ఆర్నెల్లయింది, మా ఊరికి మొదటి బి.ఏ.ని నేనే. మావి పొగాకు ఊళ్ళు కదా, బ్యారన్లు మండే రోజులు. మీరు చూసే ఉంటారు, కిటికీలు లేని ఎత్తు గది, లోపల దూలాల మీద వరసలు వరసలుగా ఆకు కర్రలు వేలాడదీసి, బయట పొయ్యి వేసి వారం రోజులు ఆరబెడతారు. పొయ్యి దగ్గర మనిషి కన్ను మూయకూడదు. వేడి కాస్త హెచ్చిందా, ఆకంతా మాడి నల్లగా అయిపోతుంది.

ఆ మనిషి ఆదమరిచాడు. ఆకు మాడింది. తెల్లారి చూస్తే మనిషి బ్యారన్‌లో నేల మీద ఉన్నాడు. పైవరస దూలం మీంచి జారిపడ్డాడన్నారు. పేరు ఏసోబు.

అవునండీ. మీ పేర్ల లాంటి పేరే.

పోలీసులొచ్చారు. పంచనామా అన్నారు. నలుగురు పెద్దమనుషులు వేలిముద్రలు వేశారు. ఎస్సై అటూఇటూ చూసి, చదువుకున్నవాళ్ళెవరూ లేరా అన్నాడు. అందరూ నన్ను చూశారు. కుర్చీ వేశారండీ నాకు! గోళీసోడా కొట్టి ఇచ్చారు! "మీరు గ్రాడ్యుయేటు, మీ సంతకం ఉంటే కాగితానికి బరువండీ" అన్నాడు ఎస్సై. లోపలికి తీసుకెళ్ళి చూపించారు. చూశాను. బాగా చూశాను. తలుపు తీసే ఉంది, ఎండ లోపలికి పడుతోంది. రెండు మణికట్ల మీదా తాడు ఒరుసుకుని చర్మం లేచిపోయి ఉంది. దూలం మీంచి జారిపడినవాడికి మణికట్లు ఎందుకు ఒరుసుకుంటాయి? కట్టేసి కొట్టారని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. బి.ఏ.కి తెలీదా?

భయపడ్డానా అంటారా? నేనూ ఇన్నేళ్ళూ అదే అనుకుందామని చూశాను. లేదండీ! ఎవడూ బెదిరించలేదు. ఆ బ్యారన్ ఆసామి మాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. పెట్టను అంటే ఎస్సై ఇంకెవడినో పిలిచేవాడు, అంతే, నన్నేం చేసేవాడు కాదు.

సరదా! అంతే సార్, సరదా. ఎస్సై జేబులోంచి సిరాపెన్ను తీసి క్యాపు విప్పి ఇచ్చాడు. నా పేరు ఇంగ్లీషులో రాశాను, చివర తోక తిప్పాను, కామా పెట్టాను, బి.ఏ. అని రాశాను. సర్టిఫికెట్టు వచ్చాక ఎక్కడైనా అలా రాసుకోవడం అదే మొదటిసారి. ఆరేదాకా ఊదుతూ చూసుకున్నాను. "దస్తూరి ముత్యాలండీ" అన్నాడు ఎస్సై. ఇంటికి పరిగెత్తి మా అమ్మతో చెప్పాను. ఏమని? ఏసోబు పోయాడని కాదు. ఎస్సై నన్ను అండీ అన్నాడని!

ఏసోబు భార్య మా వాకిట్లోకి వచ్చింది. "కాయితంలో ఏం రాశారు అబ్బాయిగారూ?" అంది. ప్రమాదవశాత్తూ అని రాశారు అన్నాను. అంటే ఏంటి అంది. ఎవరి తప్పూ లేకుండా జరగడం అని, పాఠం చెప్పినట్టు, విడమరిచి చెప్పాను. ఆ తర్వాత ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పాను గానీ, అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఎవరూ లేరు.



తిట్టండి. కారు దిగి నడిచి పొమ్మనండి. అలా అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చోకండి.

...ఆఁ? లేదు. పేరు అడగలేదు. ఏసోబు భార్య పేరు నాకు తెలీదు. నాలుగువందల పన్నెండుమంది పేర్లు తెలుసు, ఎద్దు పొడిచినవాడి పేరు తెలుసు, గుర్రం పేరు కూడా తెలుసండీ నాకు! ఆవిడ పేరు అడగలేదు.

అందుకని హానాకి న్యాయం చేసి ఆ పాపం కడుక్కున్నాడు ముసలాడు అనుకుంటారేమో, అలా అనుకుంటే మీ కాళ్ళకి దణ్ణం. కడుక్కోలేదు. "హత్య" అని కొట్టినప్పుడు కాదు నాకు ఒళ్ళు పులకరించింది, కామా పెట్టి బి.ఏ. కొట్టినప్పుడు. నలభై ఏడేళ్ళయింది. అదే సరదా, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అప్పుడు అబద్ధం కింద, ఇప్పుడు నిజం కింద. కింద ఏముందో నాకెప్పుడూ పట్టలేదండీ, నా పేరు బాగా పడిందా లేదా, అంతే.

ఇప్పుడు మూడోది. అనుకోకుండా దొర్లిన పొరపాటు. దాని కిందా గీత గీసి ఉంది.

పెట్టకూడదు. కాదూ? అనుకునే చేశానమ్మా, కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి, నీ కుర్చీ నువ్వు తీసుకో, అని చెప్పి వచ్చెయ్యాలి. ఆ ఏసోబు సంగతి కూడా ఆవిడకి చెప్పాలో వద్దో తెలీదు. ఇంగ్లీషులో చెప్తే అది కూడా గొప్పగా వినిపిస్తుందేమోనని భయం.

అదిగో, తలుపు తీసింది. చెయ్యి ఊపుతోంది చూడండి, పూలగౌను వేసుకుని. మంచిదండీ, చాలా మంచిది. అదే వచ్చిన చిక్కు. తిట్టేదైతే తేలిగ్గా ఉండేది. ఇప్పుడు కుర్చీ వేస్తుంది. టీ పోస్తుంది. నువ్వు లేకపోతే ఆ పెట్టెలు ఎవరు చదువుతారు సెషాయా అంటుంది. పెన్ను అందిస్తుంది. నా సంగతి నాకు తెలుసు కదా.

మీరు కూడా దిగండి. చలానా సంగతి నేను చూసుకుంటాను, దిగండి. మీరేం మాట్లాడక్కర్లేదు, ఆవిడకి నమస్కారం కూడా పెట్టక్కర్లేదు. నా పక్కన కూర్చుని ఈ కుడిచెయ్యి గట్టిగా పట్టుకోండి. ముప్పై ఆరేళ్ళు పోలీసు ఉద్యోగం చేశారు, ఒక్క ముసలాడి చెయ్యి పట్టుకోలేరా?